పుంగనూరు దూడ, కుప్పం దూడ

ఈ వృత్తాంతాన్ని నా చేత్తో నేనే రాసి పెట్టడానికి కారణం ఒకటే. నాకు ఓపిక అయిపోయింది. మా బంధువుల్లో ఏ పెళ్ళి జరిగినా, రెండో విడత సాంబారు వడ్డించే వేళకి ఎవరో ఒకరు "ఆ దూడ సంగతి చెప్పప్పా" అంటారు. నేను నోరు తెరిచేలోపు ఇంకొకరు చెప్పేస్తారు. మొదట్లో వాళ్ళ కథలో అది దూడే. కొన్నాళ్ళకి కోడె అయింది. మొన్న రామసముద్రం పెళ్ళిలో, నేనెవరో తెలియని ఒక పెద్దమనిషి నా పక్కనే కూర్చుని, మదనపల్లెలో ఎవడో పుల్లలాంటివాడు దున్నపోతును భుజానికెత్తుకోబోయి బావిలో పడ్డాడని నాకే చెప్పాడు. వాడు బతికాడా అని అడిగాను. చెప్పలేమన్నాడు.

ఇంకో రెండు పెళ్ళిళ్ళు జరిగితే ఆ దున్నపోతు ఏనుగవుతుంది, నేను పోయినవాడినవుతాను. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఒంట్లో కండ తక్కువై, తలలో చదువు ఎక్కువైన మనిషి ఎంత ఘోరంగా దెబ్బ తినగలడో ఇందులో ఉంది. మీరు గుండె దిటవు చేసుకుని చదవండి. నేను నడుం కింద దిండు పెట్టుకుని రాస్తాను.

ముందు మా వంశం సంగతి. మా తాత సన్నం. ఆయన తమ్ముళ్ళు సన్నం. మా నాయనకు మదనపల్లెలో వెచ్చాల అంగడి ఉండేది. ఆయన పూటపూటా రాగిసంగటి ముద్దలు మింగి, బియ్యం బస్తాల మధ్య నిలబడితే, కొత్తగా వచ్చినవాళ్ళు అంగట్లో ఎవరూ లేరనుకుని వెనక్కి తిరిగేవాళ్ళు. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అని సామెత. మా ఇంట్లో తిండికి అందరూ తిమ్మరాజులే, ఒంటికి మాత్రం పుల్లరాజులు. మనం తిన్నదంతా ఎక్కడికి పోతుందని ఒకసారి మా నాయన్ని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "మా నాయన్ని నేనూ ఇదే అడిగినా. ఆయనకీ తెలీదు" అన్నాడు.

నేను పదో తరగతితో బడి మానేశాను కానీ చదువు మానలేదు. మధ్యాహ్నం అంగట్లో బేరం లేని వేళ శాఖా గ్రంథాలయంలో కూర్చునేవాడిని. అక్కడి గ్రంథపాలకులు రామ్మూర్తి సారు మొదట్లో నన్ను అనుమానంగా చూసినా, తర్వాత తర్వాత భోజనానికి వెళ్తూ బీరువాల తాళాలు నా చేతికే ఇచ్చి పోయేవారు. నేను ఎడమ వైపు పై అరలో మొదలుపెట్టి, ఏది ముందొస్తే అది, వరసగా చదువుకుంటూ వచ్చాను. ఆ వరసలోనే వంశపారంపర్యం మీద ఒక పుస్తకం తగిలింది. పొట్టి బఠాణీ మొక్కకు పొట్టి మొక్క ఎందుకు పుడుతుందో, పొడుగు మొక్కకు పొడుగు మొక్క ఎందుకు పుడుతుందో అందులో వివరంగా ఉంది. అది చదివాక నాకు కలిగిన మనశ్శాంతి ఇంతా అంతా కాదు. నా మోచేతులు కిటికీ చువ్వల్లా ఉండడం నా తప్పు కాదు. నేను ఒక బఠాణీని, అంతే.

ఆ పుస్తకంలోనే ఇంకో అధ్యాయం ఉంది. వంశం ఎంత ముఖ్యమో మేత కూడా అంత ముఖ్యమని, చాలీచాలని తిండి పెడితే మంచి జాతి పశువు కూడా గిడసబారుతుందని. ఈ అధ్యాయం గుర్తు పెట్టుకోండి. నేను గుర్తు పెట్టుకున్నాను, అదే నా కొంప ముంచింది.

ఆ శాంతి అలాగే ఉండేది, కుప్పం సంబంధం రాకపోతే.

తెచ్చింది మా మేనమామ మునిరత్నం. ఆయనది పుంగనూరు. కుప్పంలో వెంకటప్ప అనే ఆయన జెర్సీ ఆవులు పెట్టుకుని పాలకేంద్రానికి పాలు పోస్తాడు. మగపిల్లలు లేరు, ఒకతే కూతురు, పేరు సుగుణ. అల్లుడు తమ దగ్గరే ఉండి ఆవుల్ని చూసుకోవాలని ఆయన కోరిక. అంగడి ఎటూ మా అన్న చేతికి పోయేదే గనుక మా వాళ్ళకీ అభ్యంతరం లేకపోయింది. పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులో ఊగుతూ వెళ్ళాం.

పెద్దవాళ్ళు ఆవుల్ని చూడడానికి కొట్టంలోకి వెళ్ళినప్పుడు సుగుణ నాకు కాఫీ ఇచ్చి, మీరు పుస్తకాలు చదువుతారంట గదా, ఇప్పుడేం చదువుతున్నారని అడిగింది. గ్రీకుల చరిత్ర అని చెప్పాను. అంతటితో ఆగాను అనుకుంటున్నారా? వాళ్ళ నగరాలు, వాళ్ళ యుద్ధాలు, వాళ్ళ ఓడలు, కాఫీ చల్లారి మీగడ కట్టేదాకా చెప్పాను. ఆమె అంతా విని, "వాళ్ళకి ఆవులుండెనా?" అంది.

"అది పుస్తకంలో లేదు" అన్నాను.

"మరి పిల్లోళ్ళకి పాలెట్ల?"

అప్పటిదాకా నేను చదివింది చెబుతుంటే ఆవలించినవాళ్ళున్నారు, గడియారం చూసినవాళ్ళున్నారు, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయినవాళ్ళున్నారు. తిరిగి ప్రశ్న అడిగిన మనిషి ఈమె ఒక్కతే. చేసుకుంటే ఈమెనే చేసుకోవాలని, చల్లారిన కాఫీ సాక్షిగా నిశ్చయించుకున్నాను.

వెంకటప్ప మమ్మల్ని బస్సు దాకా సాగనంపాడు. నా భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేస్తే, ఆ భుజం కిందికి దిగి మళ్ళీ పైకి రాలేదు. ఆయన మా మామతో గొంతు తగ్గించి అన్నాడు కానీ, జెర్సీ ఆవుల మధ్య బతికే మనిషి తగ్గించిన గొంతు కూడా బస్సంతా వినపడుతుంది.

"పిల్లోడు మంచోడే రత్నమప్పా. కాకపోతే మా ఆవు ఒకసారి తోక ఇసిరితే యాడ పోయి పడతాడో అని బయం. ఈ ఏడు పోనీ. ఒళ్ళు చేస్తే అప్పుడు మాట్లాడుకుందాము. వి.కోట నుంచి ఇంకో సంబంధం గూడా వస్తాండాది. లారీ ఉండాది ఆయనకి. మనిషీ లారీ మాదిరే ఉండాడు."

అదీ సంగతి. బఠాణీకి ఏడాది గడువు, ఎదురుగా లారీ.

మదనపల్లెలో మా వీధి చివర ఖాదర్ బాషా అనే స్నేహితుడు వ్యాయామశాల నడిపేవాడు. వాడి మెడ మా నాయన నడుం కంటే లావు. మొదటిరోజు బరువులు తగిలించకుండా ఒట్టి ఇనుప కడ్డీ ఇచ్చి ఎత్తమన్నాడు. ఎత్తాను. అది తిరిగి నన్ను కిందికి దించింది. ఖాదర్ నా చేతిని ఆ వైపూ ఈ వైపూ తిప్పి చూసి, కూరగాయ కుళ్ళిందో లేదో చూసినట్టు నొక్కి, బాధగా అన్నాడు: "అన్నా, కండ పెంచేది నా వల్లవుతుంది. అయితే పెంచేదానికి ముందు రవ్వంతన్నా ఉండాల గదన్నా."

నానబెట్టిన శెనక్కాయలు తిన్నాను, ఉలవలు తిన్నాను, అమ్మకు తెలియకుండా ఖాదర్ ఇంట్లో కోడిగుడ్లు తిన్నాను. ఒళ్ళు చేయలేదు కానీ కడుపు చెడింది. వారం పాటు అంగట్లో కంటే పెరట్లోనే ఎక్కువసేపు ఉన్నాను. ఉన్న కాస్తా కరిగింది.

అలాంటి దశలో, గ్రీకుల చరిత్రలో ఇంకా మిగిలిన పుటల్లో, ఆ మల్లుడు కనిపించాడు. పేరెందుకు, పాపం. ఆయన అప్పుడే పుట్టిన ఒక దూడను రోజూ తెల్లవారుజామున భుజాలకెత్తుకుని నడిచేవాడట. దూడ రోజుకు కొంచెం పెరిగేది. ఆయన బలం కూడా రోజుకు అంతే పెరిగేది. ఒకనాటికి దూడ ఎద్దయింది. ఆయన ఆ ఎద్దును కూడా అలాగే ఎత్తుకుని ఊరేగాడు.

పుస్తకం మూసి వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. మొక్కై వంగనిది మానై వంగదంటారు. అయితే దూడై లేచింది ఎద్దై లేవదా? ఇంత తేలికైన మార్గం ఉండగా మనుషులు ఇనుప కడ్డీల కింద ఎందుకు నలుగుతున్నారు? రామ్మూర్తి సారుకు చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి చదివి, పుస్తకంలో రాసి ఉంది కాబట్టి ఆలోచించదగిందేనని, కానీ దూడను లోపలికి తీసుకురావద్దని అన్నారు.

మర్నాడే పుంగనూరు వెళ్ళి మామను అడిగాను, ఈమధ్య పుట్టిన దూడ ఏదైనా ఉంటే ఇమ్మని.

"యాలప్పా?"

"రోజూ ఎత్తాల మామా."

మా మామ మంచివాడు. తిక్క ప్రశ్నలు అడిగేవాడు కాదు. నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు, కాసేపు గడ్డం గోక్కున్నాడు, ఇంటి వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక తెల్లావు కట్టేసి ఉంది. దాని మూపురం నా నడుం దగ్గరే ఆగిపోయింది. పక్కనే కుందేలంత దూడ. తల్లిని చూసి, ఇది ఈ దూడకు అక్క అయి ఉంటుంది, అమ్మ మేతకు పోయిందేమో అనుకున్నాను. మామ చెంబు పట్టుకుని కూర్చుని పాలు పిండేసరికి అమ్మేనని అర్థమైంది.

పశువుల సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడే నవ్వేసి ఉంటారు. నవ్వండి, నేను కాసేపు నడుం వాలుస్తాను. తెలియనివాళ్ళకు చెబుతున్నాను. పుంగనూరు ఆవు అని ఒక పొట్టి జాతి ఉంది. దాన్ని ఎంత మేపినా, ఎవరు మేపినా మనిషి నడుం దాటి పెరగదు. ఆ జాతి లక్షణమే అంత. ఈ రోజుల్లో దాని పేరు అందరికీ తెలుసు. ఆ రోజుల్లో అవి పుంగనూరులోనే పది ఇళ్ళు వెతికితే గానీ కనపడేవి కావు. గ్రీకుల ఓడల్లో తెడ్లు ఎన్ని వరసలో తెలిసిన నాకు, బస్సెక్కితే గంటలోపు వచ్చే ఊరి ఆవు సంగతి తెలియదు.

తెలియకపోతే అడగొచ్చు కదా అంటారు. అడగనవసరం లేకుండా నా దగ్గర ఆ అధ్యాయం ఉంది. తల్లి పొట్టిగా ఉండడానికి కారణం మేత చాలకపోవడమేనని తేల్చాను. మామ పాపం బీదవాడు, పశువుకు ఏం పెడతాడు? దూడను నేను బాగా మేపితే ఎద్దంత అవుతుంది. చూశారా నా శాస్త్రం. నేను సన్నగా ఉండడానికి వంశం కారణం, ఆవు పొట్టిగా ఉండడానికి మాత్రం మా మామ కారణం.

తల్లినీ పిల్లనూ టెంపోలో ఎక్కించి మదనపల్లె తెచ్చాను. ఇంటి పాడి వచ్చిందని అమ్మ సంబరపడింది. మర్నాడు తెల్లారకముందే లేచి, పుస్తకంలో చెప్పినట్టు ఒక చెయ్యి దూడ మెడ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ వెనక వేసి ఎత్తాను. లేచింది. పెరటి గోడ నుంచి వీధి కొళాయి దాకా నడిచి వెనక్కి వచ్చాను. నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు బిందెలు దించి చూశారు. దూడకు కాలు విరిగిందా నాయనా అని ఒకామె జాలిగా అడిగింది. కాదని చెప్పాను. మరి నీకేమైందని అడిగింది.

అలా నెలలు గడిచాయి. చలిలో ఎత్తాను, వానలో ఎత్తాను. పండగనాడు తలంటుకుని ఎత్తాను. జ్వరం వచ్చినప్పుడు దుప్పటి కప్పుకుని ఎత్తాను. రాసి పెట్టుకుంటేనే అలసటగా ఉంది, అప్పుడు మాత్రం అనిపించలేదు. దూడకు శెనక్కాయ చెక్క, తవుడు, నేను మానేసిన ఉలవలు అన్నీ పెట్టాను. దానికి కూడా వీధి తిరగడం అలవాటై, నేను రావడం ఆలస్యమైతే అరిచేది. ముఖ్యమైన విషయం ఏమిటంటే, మొదట రొప్పుతూ ఎత్తినవాడిని రానురాను అవలీలగా ఎత్తుతున్నాను. దీనికి రెండే కారణాలు ఉండొచ్చు. నా బలం దూడ కంటే వేగంగా పెరుగుతూ ఉండాలి, లేదా దూడ పెరగకుండా ఉండాలి. రెండోది ప్రకృతి విరుద్ధం కనుక కొట్టిపారేశాను.

మా నాయన ఒకరోజు పళ్ళు తోముకుంటూ నా ఊరేగింపు చూసి, "ఒరే, ఈ దూడ వచ్చినప్పుడెంతుండెనో ఇప్పుడూ అంతే ఉండాది గదా" అన్నాడు.

"రోజూ చూస్తాండావు నాయనా, అందుకే నీకు తేడా తెలీదు. శాస్త్రంలో ఉంది."

"నువ్వు గూడా అంతే ఉండావు."

"దానికీ అదే కారణం."

ఆయన నోరు పుక్కిలించి ఉమ్మేసి, ఆ శాస్త్రం తనను కూడా లావుగా చూపిస్తుందేమో కనుక్కోమని చెప్పి అంగడికి వెళ్ళిపోయాడు.

దూడకు ఎనిమిది నెలలు నిండాక నాకు నమ్మకం కుదిరింది. వెంకటప్పకు కబురు చేయమని మామకు చెప్పాను. మామ కుప్పం వెళ్ళి, మా పిల్లోడు ఎనిమిది నెలల దూడను రోజూ ఎత్తుకుని వీధంతా తిరుగుతున్నాడని చెప్పాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఏ జాతి దూడ అని వెంకటప్ప అడగలేదు, మామ చెప్పలేదు. విన్న వెంకటప్ప మొదట నమ్మలేదట. మామ గంగమ్మ మీద ఒట్టు పెట్టాడట. అప్పుడు వెంకటప్ప లేచి నిలబడి, "అట్లాంటోడైతే నా కూతుర్ని ఈ క్షణమే ఇస్తా. పిలుచుకోనిరా, మా వాళ్ళంతా సూడాల" అన్నాడట. వి.కోట లారీని కొన్నాళ్ళు ఆపమని కూడా కబురు పంపాడట.

నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు మోచేతుల పైదాకా మడుచుకుని కుప్పంలో దిగాను. వెంకటప్ప ఇంటి ముందు తిరునాళ్ళలా ఉంది. పాలు పోసేవాళ్ళంతా ఖాళీ క్యాన్లు బోర్లించుకుని వాటి మీద కూర్చున్నారు. సుగుణ గడ్డికోతకు వెళ్ళిందని తెలిసి, ఆమె చూడకుండానే ఎత్తాల్సి వస్తుందే అని నొచ్చుకున్నాను. ఈ నొచ్చుకోవడాన్ని కూడా నా తప్పుల ఖాతాలో వేయండి.

కొట్టంలోకి తీసుకెళ్ళారు. గోధుమరంగు జంతువు ఒకటి గాటికి కట్టేసి ఉంది. ఎత్తులో నా ఛాతీ దాకా వచ్చింది. పొట్ట బియ్యం గోదాములా ఉంది. మంచి ఆవు అని మెచ్చుకుని, దూడ ఏదని అడిగాను.

"ఇదే" అన్నాడు వెంకటప్ప.

"ఇది కాదు, ఎనిమిది నెలలది."

"ఇదేనప్పా. మొన్ననే నిండినాయి ఎనిమిది."

నేను మా మామ వైపు చూశాను. మా మామ కొట్టం పైకప్పు వైపు చూశాడు. అది రేకుల కప్పు, చూడదగ్గది ఏమీ లేదు.

ఆ క్షణంలో వెనక్కి తిరిగి బస్సెక్కి ఉంటే మీకు ఈ కథ లేదు, నాకు ఈ నడుంనొప్పి లేదు. కానీ చదువుకున్నవాడి కష్టం ఏమిటంటే, వాడు దేనికైనా కారణం కనిపెట్టగలడు. ఎనిమిది నెలలు శ్రమించిన వాడిని, ఉన్న బలం కంటే వాడిన బలం తక్కువై ఉంటుంది, ఆ మిగులు ఇప్పుడు బయటికి వస్తుంది అనుకున్నాను. పైగా ఎదురుగా క్యాన్ల మీద అంతమంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను పెరట్లో గెలిచాను కదా.

"కట్టు విప్పండి" అన్నాను గంభీరంగా.

కట్టు ఉంటేనే మంచిదేమో అని ఎవరో గొణిగారు. నేను వినలేదు. ఒక చెయ్యి మెడ కింద వేశాను. రెండో చెయ్యి వెనక కాళ్ళ దాకా చాచితే తోక మొదలు కూడా అందలేదు. సరేనని పొట్ట కింద దూరి, వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి లేవబోయాను. ఆ దూడ నన్ను ఏమీ అనలేదు, తన్నలేదు, పొడవలేదు. దానికి నేను ఉన్నట్టు తెలియనే లేదనుకుంటాను. గాటి అవతల పచ్చగడ్డి బుట్ట కనిపించింది, దాని వైపు నడిచింది. నేను దాని మెడకు వేలాడుతూ వెంట వెళ్ళాను. గడ్డి బుట్టకూ మాకూ మధ్య పేడగుంత ఉంది. దూడ దాన్ని పక్కగా చుట్టి వెళ్ళింది. నేను అంత జాగ్రత్త తీసుకోలేకపోయాను.

పడడం మెత్తగానే పడ్డాను. లేవబోతే నడుంలో ఏదో కలుక్కుమని, మెడ నుంచి మడమ దాకా ఒకే కొయ్యలా బిగుసుకుపోయాను. ఎవరూ నవ్వలేదు. అది అన్నిటికంటే ఘోరం. క్యాన్ల మీద కూర్చున్నవాళ్ళు లేచి, ఎటు పట్టి లాగాలి, చెయ్యి ఊడి వస్తుందేమో అని సౌమ్యంగా చర్చించుకుంటున్నారు.

అప్పుడు వచ్చింది సుగుణ, నెత్తిన గడ్డిమోపుతో. మోపు దించి, గుంపును తప్పించుకుని, గుంతలోకి తొంగి చూసింది. చీర కొంగు దోపుకుని దిగింది. ఒక చెయ్యి నా మెడ కింద, ఒక చెయ్యి మోకాళ్ళ వెనక వేసి, దూడను ఎత్తాల్సిన పద్ధతి పుస్తకంలో ఎలా ఉందో అచ్చం అలాగే ఎత్తి, పేడతో సహా తెచ్చి నులకమంచం మీద పడుకోబెట్టింది. ఆమె ఊపిరి కూడా మారలేదు. మంచం చప్పుడు చేయలేదు.

"గడ్డిమోపు దీనికంటే బరువుండాది" అని మాత్రం వాళ్ళ నాయనతో అంది.

నేను కళ్ళు మూసుకునే మామను అడిగాను, మన దూడ ఈపాటికి ఇంత ఎందుకు కాలేదని.

"అది పుంగనూరు జాతి గదప్పా. పెరగదు. తల్లిని సూడలేదా?"

"ముందే ఎందుకు చెప్పలేదు మామా?"

"నువ్వెత్తాలంటివి. సన్నపు పిల్లోడు, పెరిగే దూడైతే యాడ నడుం ఇరగ్గొట్టుకుంటాడో అని, పెరగని జాతి సూసి ఇచ్చినా. మేలు సేసినా గదా."

చేసినవాడు మేలే చేశాడు.

వెంకటప్ప పెద్దమనిషి. ఒక్క మాట తూలలేదు. కాపడానికి ఇటుక కాల్చమని పురమాయించి, మామను పక్కకు పిలిచి, ఏమీ అనుకోవద్దని, వి.కోట వాళ్ళను ఇక ఆపడం బాగుండదని చెప్పాడు. పక్కకు పిలిచి చెప్పినా అది కూడా నాకు పూర్తిగా వినపడింది. నడుంనొప్పి ఒక్కసారిగా చిన్నదైపోయింది. మెడ తిప్పలేక, రేకుల వైపే చూస్తూ, మా తాతనూ ఆయన తమ్ముళ్ళనూ వరసగా తలుచుకున్నాను.

సుగుణ గుడ్డలో చుట్టిన వేడి ఇటుక తెచ్చి నా నడుం కింద పెట్టింది. వెళ్ళిపోతుందనుకున్నాను. పోలేదు. మంచం కోడు పట్టుకుని అడిగింది.

"నిజంగా రోజూ ఎత్తినారా, ఆ చిన్నదాన్ని?"

"రోజూ."

"వానలు పడినప్పుడు?"

"వానలో కూడా."

"పండగలకి?"

"పండగలకీ."

"ఏ పొద్దులో?"

"తెల్లారకముందే. చరిత్రలో అలాగే ఉంది."

"ఎవరన్నా లేపుతారా?"

"ఎవరూ లేపక్కర్లేదు. నేనే లేస్తాను" అన్నాను.

పాఠకులారా, నా జీవితంలో చేసిన అసలు పొరపాటు దూడ కాదు. ఈ జవాబు. ఓడిపోయినవాడిని కాబట్టి, మిగిలిన పరువు ఏదో నిలబెట్టుకుందామని ఒక్కో మాటా గర్వంగా చెప్పుకొచ్చాను.

సుగుణ కొట్టం వైపు తిరిగి, మామూలు గొంతుతో, "నాయనా, వి.కోట వాళ్ళకి వద్దని చెప్పు. నేను ఈయన్నే చేసుకుంటా" అంది.

వెంకటప్ప గట్టిగా ఊపిరి వదిలాడు. "దూడని ఎత్తలేకపోయినాడు గదమ్మా."

"దూడని ఎత్తే పని మనింట్లో యాడుండాది నాయనా? ఎత్తాల్సొస్తే నేనెత్తుతా. తెల్లారకముందు లేసి పాలు పిండే పనుండాది. ఆ లారీ ఆయన పొద్దెక్కినాక గాని లెయ్యడంట. ఈయన ఎవరూ లేపకుండా, ఏ పనీ లేకపోయినా, ఇన్ని నెల్లు లేసినాడు. పనుంటే లెయ్యడా?"

వెంకటప్ప నన్ను మొదటిసారిగా కొత్త కళ్ళతో చూశాడు. ఆవును కొనేవాడు పళ్ళు పట్టి చూసి, మచ్చలు వెతికి, చివరికి తోకను చూసి మెచ్చుకున్నట్టు ఉంది ఆ చూపు. క్యాన్ల మీదివాళ్ళు కూడా తలలు ఊపారు. ఆ పాడివాళ్ళ మధ్య నాకు అంతకు మించిన యోగ్యతాపత్రం దొరకదు.

పెళ్ళి జరిగింది. పెళ్ళయిన మర్నాడు, తెల్లారకముందు, ఎవరో నా భుజం తట్టారు. కళ్ళు తెరిస్తే ఎదురుగా సుగుణ, చేతిలో బకెట్టు. లేస్తానన్నారు గదా అంది. లేచాను. ఆనాటి నుంచి ఈనాటి దాకా లేస్తూనే ఉన్నాను. వానలో లేచాను, చలిలో లేచాను, పండగనాడు లేచాను. ఆవులకు ఆదివారం లేదు. కుప్పం గ్రంథాలయంలో మధ్యాహ్నం పుస్తకం తెరిస్తే మొదటి పుటలోనే నిద్ర వస్తుంది. కుడివైపు అరల దాకా ఎప్పటికి చేరతానో తెలియదు. కండ మాత్రం, ఇన్నేళ్ళు పాలు పిండిన తర్వాత, వేళ్ళకు కాస్త వచ్చింది. మిగతా అంతా మా తాతగారి ఆస్తే. మా అమ్మాయి వాళ్ళమ్మ పోలిక, దేవుడున్నాడు.

కాబట్టి, కొట్టంలోని ఆవులన్నిటి సాక్షిగా, నా నడుం కింది దిండు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ దేశపు మల్లుడు ఏ జంతువును ఎత్తినా, ఆ పుట తిప్పేసి ముందుకు పోతాను. ఒకవేళ దేన్నయినా ఎత్తాల్సి వస్తే దాని తల్లిని, అమ్మమ్మను చూసి మరీ ఎత్తుతాను. అన్నిటికంటే ముఖ్యంగా, పొద్దున ఎన్నింటికి లేస్తావని ఎవరడిగినా ఈ జన్మలో నిజం చెప్పను.

ఇక, ఇందులో సాయపడినవారికి కృతజ్ఞతలు చెప్పడం మర్యాద. దూడను గ్రంథాలయంలోకి తేవద్దని తప్ప ఇంకే అడ్డూ చెప్పని రామ్మూర్తి సారుకు, లేని కండను కూడా ఓపికగా వెతికిన ఖాదర్ బాషాకు, నా మేలు కోరి పెరగని జాతిని ఇచ్చిన మా మామ మునిరత్నానికి, కళ్ళతో చూసింది చూసినట్టు చెప్పి నా చేత శాస్త్రం చెప్పించుకున్న మా నాయనకు, లారీని వదులుకుని బఠాణీని ఏరుకున్న మా మామగారు వెంకటప్పకు నా నమస్కారాలు. చివరగా సుగుణకు. నేను ఇది రాసుకోవాలంటే ఈ పూట నా వంతు ఆవుల్ని కూడా తనే పిండుకుంది. పిండుకుని, ఇప్పుడే వచ్చి, రేపు తన వంతు కూడా నాదేనని చెప్పి వెళ్ళింది.